లాల్‌బీ పెట్టిన ఓటింగు

సత్తెనపల్లి పక్క ఊళ్లో మిరపకోతల ముఠాకి లాల్‌బీ పద్దెనిమిదేళ్లుగా మేస్త్రి. ఇన్నేళ్లలో ఏ రైతుకీ మొహం మీద కాదని చెప్పిన పాపాన పోలేదు. ఎవరడిగినా "చూద్దాం సార్" అంటుంది. వస్తుందో రాదో రైతులే తేల్చుకోవాలి.

సాయంత్రం కాగానే ఇరవై అయిదు గుమ్మాలు తిరిగి, రేపు ఎవరి చేలో కోతో చెప్పి రావడం ఆమె పద్ధతి. ఈ ఏడాది మోకాళ్లు మొరాయించాయి. గుంటూరులో డిగ్రీ చదివే కూతురు నజ్మీన్ ఫోన్లో గ్రూపు పెట్టి, ముఠా ఆడవాళ్లతోపాటు రైతులనీ అందులో చేర్చింది. ఓటింగు పెట్టడం కూడా నేర్పింది.

"ఇక నువ్వు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదమ్మా, అదే చెబుతుంది," అంది. లాల్‌బీకి ఆ ముక్క బాగా నచ్చింది.

గురువారం వానన్నారు. బుధవారం కోతకి వస్తానని కౌలు రైతు శశిభూషణ్‌కి ఆమె వారం కిందటే మాటిచ్చింది. అతనికున్నదల్లా ఆ ఎకరన్నర. పండిన కాయ చెట్టు మీద తడిస్తే మిగిలేది రంగు పోయిన తాలే. మంగళవారం మధ్యాహ్నం లక్ష్మీనరసింహం గారు ఫోన్ చేశారు. పదెకరాల ఆసామి, నజ్మీన్ కాలేజీ సీటు కోసం తిరిగిన మనిషి.

"రేపు మా చేలోకి రావాలమ్మా," అన్నారు.

"చూద్దాం సార్," అంది లాల్‌బీ.

ఇచ్చిన మాట పోకూడదు, పెద్దాయన చిన్నబుచ్చుకోకూడదు. కాదనే పని ఫోన్‌కి అప్పగించి, రేపు ఎవరి చేనని ఓటింగు పెట్టింది. శశిభూషణ్ గోడు ముఠా అంతటికీ తెలుసు కాబట్టి, ఓట్లన్నీ అతనికే పడతాయని ఆమె ధీమా.

ఆ యాప్‌ని తయారుచేసిన మహానుభావులు ఓటింగు పెట్టే చోట అడుగున చిన్న పచ్చ మీట ఒకటి పెట్టారు. దాన్ని ఆపకపోతే ఒక్కొక్కరు ఎన్నైనా నొక్కొచ్చు. ఎవరు దేనికి నొక్కారో పేర్లతో సహా అందరికీ కనబడుతుంది. ఆపాల్సినదాన్ని వెలిగించి ఉంచడం, దాచాల్సినదాన్ని బయటపెట్టడం ఏం తెలివో వాళ్లకే తెలియాలి.

రైతులిద్దరూ చూస్తున్నారని ముఠాలోని చాంద్‌బీ రెండూ నొక్కింది. ఆమెని చూసి మిగతావాళ్లూ రెండూ నొక్కారు. తనకి తనే వేసుకుంటే బాగుండదని శశిభూషణ్ పెద్దాయన చేనుకి నొక్కాడు. ఆయన హుందాగా శశిభూషణ్ చేనుకి నొక్కారు. తన పేరు ఒకవైపే కనబడితే ఎవరేమనుకుంటారోనని చివరికి లాల్‌బీ కూడా రెండూ నొక్కింది. ఇటు ఇరవై ఏడు, అటు ఇరవై ఏడు.

తెల్లారేసరికి సెంటర్లో రెండు ఆటోలు. ముఠా అంతా తమ చేనుకే నొక్కిందని చూసి, గెలిచింది తామేనని రైతులిద్దరూ ఎవరికి వాళ్లు అనుకున్నారు. ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని ఏ ఆటో ఎక్కకుండా లాల్‌బీ మొహం చూశారు. అప్పటికే మబ్బు పట్టింది. శశిభూషణ్ ఆటో రాడ్డు పట్టుకుని నేల చూస్తున్నాడు. అతన్నలా చూసి లాల్‌బీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"సార్, ఇవాళ మీ చేలోకి రాలేం," అంది. "ఈ అబ్బాయికి ముందే మాటిచ్చాను."

లక్ష్మీనరసింహం గారు మబ్బు వైపు చూశారు. "ఈ ముక్క నిన్ననే చెబితే నరసరావుపేట నుంచి ఇంకో ముఠాని పిలిపించుకునేవాణ్ణి కదమ్మా. చూద్దామన్నావు, వస్తావనుకున్నా."

గురువారం అన్నట్టే వాన పడింది. శశిభూషణ్ కాయ అప్పటికే టార్పాలిన్ పట్టాల కింద ఉంది. పెద్దాయన కాయ చెట్టు మీదే తడిసింది.

శుక్రవారం లాల్‌బీ మోకాళ్లకి నూనె రాసుకుని, ఆయన ఇంటిదాకా నడిచి వెళ్లి, తప్పు తనదేనని ఒప్పుకుంది. తిరిగొస్తుంటే మాలిక్ అనే రైతు ఫోన్ చేసి ఆదివారం కోతకి రమ్మన్నాడు.

"ఆదివారం రాలేం. వేరేవాళ్లని చూసుకో," అంది గట్టిగా.

మాలిక్ నవ్వాడు. "సర్లే లాల్‌బీ, గ్రూపులో ఓటింగు పెట్టు, చూద్దాం."