చెల్లెలు ఇవ్వనన్న గ్యాస్ మాత్ర

నాకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు. తూకం వేసేవాడి చేతినే చూస్తాను, ముల్లును చూడను. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఆ రోజు పాలు పల్చగా ఉంటాయని నా లెక్క. చాలాకాలం ఇదొక మంచి గుణమే అనుకున్నాను. మా ఆవిడ మాత్రం, "నీ నీడ నీ ఎనకాల వస్తాంటే దాన్ని కూడా అడుగుతావు, యాడికి పోతాండావని" అంటుంది.

ఆ మధ్య నడుముకు తామర పట్టింది. మిట్టేమరి పక్కన మాకు చామంతి తోట ఉంది. తెల్లవారుజామున మంచులో తడుస్తూ పూలు కోసి, ఆ తడి పంచెతోనే చిక్కబళ్ళాపురం పూల మార్కెట్‌కు పోయేవాణ్ణి. ఒకరోజు నేను గోక్కోవడం చూసి ఒకామె, నా బుట్టలోంచి తీసిన పూలు మళ్ళీ బుట్టలోనే వేసి వెళ్ళిపోయింది. తల తీసేసినట్టయింది. ఆ పూటే అక్కడి డాక్టరు దగ్గరికి పోయి చీటీ రాయించుకున్నాను.

మందు చింతామణిలో మా చెల్లెలి మెడికల్ షాపులో తీసుకున్నాను. మా ఇంట్లో మందుల చదువు చదివింది ఆమె ఒక్కతే. ఆ అంగడే ఆమె బతుకు. బట్లహళ్ళిలోని మా చుట్టాలంతా జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఆమె దగ్గరికే పోయేవాళ్ళు. నాలుగు షీట్ల క్యాప్సూళ్ళు చేతికిస్తూ, "కడుపు నిండా తిన్నాక ఏసుకోన్నా. దీంతో గ్యాస్ మాత్ర మాత్రం వొద్దు" అంది.

అక్కడే నా మనసులో పురుగు దూరింది. మా వైపు ఏ మందుకైనా తోడుగా పొద్దున్నే ఒక గ్యాస్ మాత్ర ఉండాల్సిందే. కాలు బెణికి పోయినా ఇస్తారు. మందులు వేడి, కడుపు కాలుతుంది, దానికిది చలువ అని మా నమ్మకం. అందరూ అడక్కుండా ఇచ్చేదాన్ని ఈమె ఎందుకు వద్దంటోంది?

"ఏమ్మా, లేవా?" అన్నాను.

"ఉండాయి. నీకియ్యను. ఈ మందుకు అది సరిపడదు."

వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. వివరంగా చెప్పే తీరిక ఆమెకు లేదు, వినే ఓపిక నాకు లేదు. తిరిగొస్తూ బాగేపల్లిలో దిగి ఇంకో షాపులో గ్యాస్ మాత్రలు కొన్నాను. అతను మారుమాట్లాడకుండా ఇచ్చాడు. మర్యాద తెలిసినవాడు అనుకున్నాను.

రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర, అన్నం తిన్నాక చెల్లెలిచ్చిన క్యాప్సూల్. ఒక షీటు అయిపోయింది, రెండోదీ అయిపోయింది. తామర తగ్గకపోగా వీపు మీదికి పాకింది. నా అనుమానం గ్యాస్ మాత్ర మీదికి పోలేదు, చెల్లెలి మీదికే పోయింది. ఒక క్యాప్సూల్ ఊడదీసి చూశాను. లోపల పొడి లేదు, ఆవగింజలంత తెల్లటి గుండ్లున్నాయి. గ్లాసు నీళ్ళలో వేశాను. పొద్దున వేసినవి మధ్యాహ్నానికీ అట్లాగే ఉన్నాయి. కరగని మందు ఒంటికెట్లా పడుతుంది? దొంగను పట్టుకున్నంత సంతోషమేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగా సంతోషమే.

పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు బట్లహళ్ళి చుట్టాలూ చెల్లెలూ మా ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక అందరి ముందూ ఇంకో క్యాప్సూల్ ఊడదీసి గ్లాసు నీళ్ళలో వేసి కలిపాను.

"చూడండప్పా, మా చెల్లెలు అమ్మే మందు. సగ్గుబియ్యం మాదిరి ఉండాది. నీళ్ళలోనే కరగంది నా కడుపులో కరుగుతాదంట!"

ఎవరో నవ్వారు. చెల్లెలు గ్లాసు వంక చూసి, "అన్నా, గ్యాస్ మాత్ర ఏమన్నా ఏసుకుంటాండావా?" అని మెల్లగా అడిగింది.

"మాట మార్చొద్దు" అన్నాను.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత బట్లహళ్ళి వాళ్ళు మందులకు వేరే షాపుకు పోతున్నారని తెలిసింది. జాగ్రత్తపడ్డారు అనుకున్నాను.

గోకుడు భరించలేక మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే పోయాను. గ్లాసు సంగతి కూడా చెప్పాను, నా తెలివికి మెచ్చుకుంటాడని. ఆయన నా సంచిలో ఉన్న మందులన్నీ బల్ల మీద పెట్టమన్నాడు. గ్యాస్ మాత్రల షీటు పక్కకు తీసి, ఇది తాను రాయలేదే, నీకు గ్యాస్ ఉందా అని కన్నడంలో అడిగాడు. లేదన్నాను.

ఈ తామర మందు ఉత్త నీళ్ళలో కరగదట. కడుపులో ఊరే పులుపులోనే కరుగుతుందట. కరిగితేనే పేగుల్లోంచి రక్తంలోకి, రక్తంలోంచి చర్మానికి చేరుతుంది. గ్యాస్ మాత్ర చేసే పనే ఆ పులుపును తగ్గించడం. అది తగ్గితే మందులో చాలా భాగం కరగకుండానే కిందికి పోతుంది. మందు మంచిదే, దాన్ని కరగనివ్వనిది నువ్వే అన్నాడు.

ఆయన్ని కూడా అనుమానించాలని చూశాను. కుదరలేదు. చెల్లెలు మా ఇంట్లో అడిగిన ప్రశ్నే ఆయనా అడిగాడు, వాళ్ళిద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

గ్యాస్ మాత్ర మానేసి, మిగిలిన ఆ క్యాప్సూళ్ళే వాడాను. కొన్ని వారాలకు మచ్చలు ఎండి పొట్టు రాలాయి. ఒళ్ళు బాగుపడే కొద్దీ నాకు మొహం చెల్లకుండా పోయింది. బట్లహళ్ళికి పోయి ఇంటింటికీ చెప్పాను, తప్పు నాదే, మందు మంచిదే అని. అందరూ తలాడించారు. ఒక పెద్దాయన నా భుజం తట్టి, "చెల్లెల్ని కాపాడుకునేదానికి చెప్తాండావులేప్పా" అన్నాడు. వాళ్ళెవరూ ఆ అంగడికి తిరిగి పోలేదు.

మా ఆవిడకు జ్వరం మాత్రలు కావాలనే వంకతో చింతామణి పోయాను. నా ముందున్నాయనకు చెల్లెలు మందులు కవర్లో వేసి ఇచ్చేసింది. నా వంతు వచ్చింది. "నాదే తప్పమ్మా" అన్నాను. "సరేలేన్నా" అంది. మాత్రల షీటు నా చేతికివ్వకుండా బల్ల మీద వెనక్కి తిప్పి పెట్టి, ఎక్స్‌పైరీ డేటు పక్కన వేలు పెట్టి చూపించింది.

"చదువుకోన్నా."

కోపంగా అన్నా బాగుండేది. వద్దులేమ్మా అన్నాను. ఆమె వేలు తియ్యలేదు. నెల, సంవత్సరం పైకే చదివాను. అప్పుడిచ్చింది.