లైట్లు వేశాక తప్పిన పాసులు

2022 చలికాలం. గల్ఫ్‌లో, హమద్ టౌన్‌లోని మా కళ్లజోళ్ల షాపులో శుక్రవారం వచ్చిందంటే నాకు ఊపిరాడదు. సెలవు రోజు కదా, ఒక్కరికి అద్దాలు కావాలంటే ఒకే గదిలో ఉండేవాళ్లంతా కదిలి వస్తారు. నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే చూపు పరీక్షించి అద్దాల నంబరు రాసే మనిషిని. కాకినాడ దాన్ని, నోరు కాస్త పెద్దదే. కుర్చీలో కూర్చున్నవాళ్లు చార్టు చదువుతుంటే వెంట వచ్చినవాళ్లు అక్షరాలు అందిస్తుంటారు. అందుకే అందరినీ బయటికి తోలి తలుపు వేసుకోవడం నాకు అలవాటు.

ఆ రోజు దగ్గరి చూపు అద్దాల కోసం గంగారెడ్డి అన్న వచ్చాడు. జగిత్యాల మనిషి, ఏసీ వర్క్‌షాపులో ఫోర్‌మన్. వెంట దోస్తు నర్సన్న, కొడుకు శ్రీకర్. శ్రీకర్ ఇక్కడే పుట్టి పెరిగాడు, కాలేజీ ఫుట్‌బాల్ టీంలో మిడ్‌ఫీల్డర్. ముందు రోజు సాయంత్రమే ఆ టీం ఓడిపోయింది. పెద్దవాళ్లిద్దరూ కుదురుగా కూర్చోలేకపోతున్నారు. లేస్తారు, అటూ ఇటూ తిరుగుతారు, మళ్లీ ఆ మ్యాచ్ గొడవే మొదలుపెడతారు.

"ఏం పాసులు మేడం అవి! అన్నీ అవతలోళ్ల కాళ్లకే ఇచ్చిండు," అన్నాడు నర్సన్న, నేనేదో రెఫరీనైనట్టు.

"ఫోన్ల పడి ఖరాబైండు. సోయి ఉంటే గదా!" అని తండ్రి గయ్యిమన్నాడు. "కోచ్ గూడ చెప్పిండు. ఇంకో మ్యాచ్ గిట్లనే ఆడితే ఖలాస్, బయటికే."

శ్రీకర్ కళ్లు నులుముకుంటూ గోడకేసి చూస్తున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "అన్నా, ఇది స్టేడియం కాదు. నువ్వు లోపలికి రా," అన్నాను.

నర్సన్న ఊరుకుంటేనా! "ఫస్ట్ హాఫ్‌ల మంచిగనే ఆడిండు తియ్. పొద్దు గూకి లైట్లేసినంకనే ఆగమైండు. మొన్నటి మ్యాచ్‌ల గూడ గంతే."

తలుపు మీద చెయ్యి వేసినదాన్ని ఆగిపోయాను. కాళ్లు అవే, ఆట అదే, మరి లైట్లు వేయగానే పాసులెందుకు తప్పాలి? పైగా వచ్చినప్పటి నుంచీ ఈ పిల్లాడు కళ్లు నులుముతూనే ఉన్నాడు. నాకు భయం వేసింది. "అన్నా, నువ్వు కూర్చో. ముందు నీ కొడుకును చూస్తాను," అన్నాను.

"గానికేమైంది? కండ్లు మంచిగనే ఉన్నయ్," అన్నాడు గంగారెడ్డి అన్న. నేను వినలేదు.

రెటినోస్కోప్ అని, కంట్లోకి వెలుగు వేసి చూసే పరికరం ఉంటుంది. మామూలు కంట్లో ఆ వెలుగు ఒక్క పట్టీలా కదులుతుంది. శ్రీకర్ కంట్లో కత్తెర తెరిచినట్టు రెండుగా చీలింది. కెరటోకోనస్ అని అనుమానం వచ్చింది. అంటే కంటి ముందున్న పారదర్శకమైన పొర పలచబడి మొనదేలడం. చీకటి పడితే కంటిపాప పెద్దదై, చూసేది ఇంకా చెదిరి కనిపిస్తుంది. పట్టించుకోకపోతే చూపు దిగజారుతూ పోతుంది. కళ్లు గట్టిగా నులిమితే ఇంకా త్వరగా ముదురుతుంది.

"లైట్ల కింద నీకేం కనిపిస్తుంది బాబూ?" అని అడిగాను.

"ఒక్కొక్కడు ఇద్దరి లెక్క కనవడ్తడు అక్కా. అందాజగ కొడుతున్న." గొంతు తగ్గించాడు. "నాయినకు చెప్పకు. కండ్లు బాగలెవ్వంటే టీంలకెల్లి తీసేస్తరు."

"టీం సంగతి తర్వాత, కళ్లు పోతాయిరా!" అని అరిచేశాను. తొందరలో తలుపు వేయడం మరిచాను. గంగారెడ్డి అన్న గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు అడిగినవా నాయినా? తిట్టినవ్."

ఆయన మొహం చూడలేకపోయాను. తల వంచుకుని కంటి డాక్టరుకు చీటీ రాసిచ్చాను.

డాక్టరు పరీక్షలో నా అనుమానమే నిజమైంది. క్రాస్‌లింకింగ్ చేశారు, ఆ పొరను గట్టిపరిచే చికిత్స. చూపు ఇంకా దిగజారకుండా ఆగింది కానీ ఆ సీజన్ ఆట మాత్రం పోయింది. తర్వాత ప్రత్యేకమైన పెద్ద లెన్సులు అమర్చాం. మొదట్లో అవి కంట్లో పెట్టుకోలేక విసుక్కున్నాడు, నన్నూ విసిగించాడు.

అప్పటి నుంచి వెంట వచ్చినవాళ్లను నేను ముందే బయటికి తోలడం లేదు. "ఇంట్లో దేనికి తిడుతున్నారు?" అని వాళ్లనే మొదట అడుగుతున్నాను. కుర్చీలో కూర్చున్న మనిషి దాచే సంగతి చాలాసార్లు ఆ తిట్లలోనే దొరుకుతోంది.

మరుసటి ఏడు శ్రీకర్ మళ్లీ ఆడిన మొదటి మ్యాచ్‌కు నన్నూ రమ్మన్నారు. లైట్లు వేశాక అతనిచ్చిన ఒక పాస్ నేరుగా అవతలివాడి కాళ్లకు పోయింది. నర్సన్న నోరు తెరిచేలోపే గంగారెడ్డి అన్న లేచి, అందరూ తిరిగి చూసేలా కేక పెట్టాడు.

"కనవడ్తుందా బిడ్డా?"

మైదానం మధ్యలోంచి శ్రీకర్ చెయ్యెత్తాడు. "మంచిగనే కనవడ్తుంది నాయినా! గిది నా తప్పే!"