ఎత్తు పెంచిన ఇల్లు, ఎదురింటి మట్టిగోడ

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో, శ్రీముఖలింగానికి దిగువన ఒక ఊళ్ళో ఇల్లు కట్టడానికి ఒప్పుకున్నాను. ఊరి పక్కన పారే గెడ్డ వంశధారలో కలుస్తుంది. మా వైపు వాగును గెడ్డ అంటాం. నేను తాపీ మేస్త్రీని. ఎనిమిదితో బడి మానేశాను. లెవెళ్ళూ ఘనపుటడుగులూ పని మీద నేర్చుకున్నవే. తుఫాన్లు వచ్చే చోట అన్నిటికన్నా ముందు తేల్చాల్సింది ప్లింత్ లెవెల్, అంటే నేల మీంచి ఇంటి గచ్చు ఎంత ఎత్తున ఉండాలన్నది.

యజమాని సింహాచలం వరి రైతు. పాత ఇంట్లోకి నీళ్ళొచ్చి విత్తనాల ధాన్యం బస్తాల్లోనే మొలకెత్తిపోయింది. గోడ మీద వరద మరక చూపించాడు. నేను లెవెల్ ట్యూబ్ పట్టాను. అది నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టానికి నిలుస్తాయి. మరక మట్టాన్ని స్థలం నాలుగు మూలలకూ తెచ్చి, పైన అడుగున్నర కలిపాను. గచ్చు నా ఛాతీ దాకా వచ్చింది.

"దొడ్డి కూడా నింపీ మేస్త్రీ. గొడ్లు ఎక్కడికెల్తాయి?" అన్నాడు సింహాచలం.

అక్కడే చిక్కు. వీధిలో పడ్డ వాననీరంతా ఆ దొడ్డి పల్లంలోంచే గెడ్డలోకి దిగేది. దొడ్డిని మట్టితో నింపితే నీరు ఎదురింటి దగ్గర ఆగిపోతుంది. ఎదురిల్లు సింహాచలం చెల్లెలు పైడమ్మది, మట్టిగోడల పెంకుటిల్లు. మట్టిగోడ తడిసినా, నీరు పూట తిరక్కుండా పోతే ఆరి నిలబడుతుంది. నీరు నిలిచిపోతే మాత్రం అడుగు నుంచి మెత్తబడి కూలుతుంది.

ఈ సంగతి చెబుతుంటే పైడమ్మ భర్త అప్పలనాయుడు వచ్చాడు.

"ఏటి బావ, కోట కడతన్నావా? ఏనుగునెక్కడ కట్టీస్తావు?"

"నువ్వున్నావు గదా బావ, ఏనుగెందుకు?"

ఇద్దరూ నవ్వుకున్నారు. చివరికి దొడ్డి మట్టి కింద సిమెంటు తూము వెయ్యాలనుకున్నాం. వీధి నీరు దాంట్లోంచి గెడ్డకు పోతుంది. గెడ్డ పొంగితే అదే తూములోంచి నీరు వెనక్కి తన్నుతుందని, అప్పుడు వీధి వైపు మూతి మూసి, గెడ్డ తగ్గగానే తియ్యాలని చెప్పాను. తూము ఎవరింటి కోసమో వాళ్ళే చూసుకుంటామని అప్పలనాయుడు ఆ పని తన మీద వేసుకున్నాడు.

ఇల్లు పూర్తయ్యాక, వానలు వెళ్ళే రోజుల్లో తుఫాను హెచ్చరిక వచ్చింది. ఆ రెండిళ్ళవాళ్ళూ చెయ్యాల్సినవన్నీ చేశారు. రెండిళ్ళ విత్తనాలూ సింహాచలం అటక మీదికి చేరాయి. గొడ్లను దొడ్డి ఎత్తు మీదికి తోలారు. ఇంటి మీదికి వాలిన కొబ్బరి మట్టలు కొట్టేశారు, కాగితాలు, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ సంచుల్లో కట్టారు, బిందెల్లో తాగేనీళ్ళు పట్టారు. గెడ్డ పొంగగానే అప్పలనాయుడు ఇసక బస్తాలు తూము మూతిలో కుక్కాడు. ఆ సమయానికి అది సరైన పనే.

తెల్లారి గాలి ఆగింది. గెడ్డలో వరద తీసింది. వాన మాత్రం ఆగలేదు. ఇప్పుడు వీధిలో నీరే గెడ్డ కన్నా ఎత్తు. సింహాచలం ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, బస్తాలు రావట్నేదు. తూములోకి లాగీసినాది."

బండిని రోడ్డు మీద వదిలి నడిచి వెళ్ళాను. తూము దగ్గర నీరు గొంతు దాకా ఉంది. వెళ్ళే దారి లేక వీధి నీరంతా ఆ బస్తాల్ని లోపలికి నెడుతోంది. అంత నీటి బరువు మీద ఇద్దరు మనుషుల బలం ఎంత? లెక్క నా తలలో అప్పటికే తేలిపోయింది. పైకి అనలేదు. అప్పలనాయుడు మునిగి, లేచి, మళ్ళీ మునుగుతున్నాడు.

"బావ, ఇంక సాలు, పైకి రా!" అన్నాడు సింహాచలం.

"ఒకటొచ్చినాది, ఇంకోటొస్తే సాలు. కత్తియ్యి, సంచి కోసీస్తాను."

కత్తి అందించేలోగా వెనక అతని ఇంటి మట్టిగోడ జారింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన మట్టి కూర్చున్నట్టు కూర్చుంది, పెంకులు దాని మీద వాలాయి. అప్పలనాయుడు మెడ దాకా నీళ్ళలో నిలబడి అటే చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి మళ్ళీ మునిగాడు.

పైడమ్మ అప్పటికే అన్నగారి ఇంట్లో ఉంది. తడి కాళ్ళతో మేం లోపలికి వెళ్తే ముందు గచ్చుకేసి చూసింది.

"అన్నా, నీ ఇంట్లోకి సుక్క రానేదు గదా?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. సింహాచలం తల గోడకు ఆనించి ఏడ్చాడు.

తర్వాత నేను ఆ లెవెళ్ళన్నీ మళ్ళీ పట్టి చూశాను. మరక మీద అడుగున్నర సరే. తూము వాలు సరే. ఎక్కడన్నా తప్పు దొరికితే దిద్దుకునేవాణ్ణి. దొరకలేదు. ఒక్కో ఇంటికి విడివిడిగా వేస్తే ప్రతి లెక్కా సరిపోతుంది. ఊరంతటికీ కలిపి వేస్తే నీరు ఎవరో ఒకరి గుమ్మం ముందు మిగిలిపోతుంది. ఊరంతటికీ కలిపి లెక్క వెయ్యమని నన్ను పిలిచినవాళ్ళు ఇంతవరకూ లేరు. పిలిచినా నాకు దానికి జవాబు తెలియదు. ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే, ఎవరికీ పనికొచ్చేది కాదు.

మరుసటి ఏడాది అప్పలనాయుడు కబురు పెట్టాడు. అప్పు చేసి సిమెంటు ఇల్లు కడుతున్నాడు.

"మా బావ గచ్చు కన్నా జానెడు పైకుండాల, మేస్త్రీ."

ఒప్పుకున్నాను. ఆ దంపతులు ఏడాదిగా సింహాచలం పంచన ఉన్నారు. లెవెల్ ట్యూబ్ పట్టుకుని వాళ్ళ స్థలం వెనక మూలకు వెళ్ళాను. అవతల ఇంకో వీధి, అంతకన్నా పల్లం. తాటాకింటి గుమ్మంలో చాట పట్టుకుని ఒకావిడ నా గొట్టంకేసే చూస్తోంది.

"ఏటి బాబూ, నాయుడు మెరక సేస్తన్నాడా?"

"అవునమ్మా."

"అయితే మాకెంతొస్తాది?"

అప్పటికే తెలుసు నాకు. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"నడుము దాకా వస్తుందమ్మా."

ఆవిడ ఒకసారి తన నడుముకేసి చూసుకుని, చాటలో బియ్యం చెరుగుతూ లోపలికి వెళ్ళిపోయింది. నేను మూల మీద గుర్తు పెట్టి, గొట్టం తరవాతి మూలకు లాగాను.