యతి తప్పని పగ

ఇది పగ కథ. మేనమామ మీద పట్టిన పగ. పర్వాలకు పర్వాలు రాయదగ్గది. తీరా రాయ కూర్చుంటే తేలిందేమంటే, ఇందులో ఉన్నది ఒక గేయం, ఒక సీసపద్యం, రెండు పెళ్ళిళ్ళు మాత్రమే.

మొన్న నంద్యాలలో ఒక పెళ్ళికి వెళ్తే వధూవరుల పేర్లు గోడంత తెర మీద మెరుస్తున్నాయి. మన కాలంలో ఆ హడావిడి పద్యాలది, గుర్తుందా? చుట్టాల్లో ఎవరో ఒకరు పంచరత్నాలు రాసి, గులాబీరంగు కాగితం మీద అచ్చు వేయించి, పందిట్లో చదివి పంచేవారు. డెబ్భైల చివర్లో మా అక్క పెళ్ళికి ఆ పని నేను నెత్తికెత్తుకున్నాను. డిగ్రీ చదువుతూ భావకవిత్వం తలకెక్కిన రోజులు. పాదం ఎక్కడ విరగాలో చెప్పవలసింది గుండె గానీ గణాల లెక్క కాదని నమ్మేవాణ్ణి కనుక, కుందూ ఏటి మీది గాలినీ అక్క వెళ్ళిపోతున్న దిగులునీ కలిపి, ఊపిరి ఆగిన చోటల్లా పాదం ఆపి గేయం రాశాను. ఆళ్లగడ్డలో తెలుగు పండితుడైన మా మేనమామ వేళ్ళ మీద లెక్కపెడుతూ విని, పందిరంతా వినేట్టు అన్నాడు:

“దీంట్లో యతి యాడుండాది అల్లుడా? దూడ పలుపు తెంచుకోని పోతాండాది, పట్టుకోండప్పా.”

అందరూ పడీ పడీ నవ్వారు. గేయం వింటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్న అక్క కూడా నవ్వేసింది. మామను క్షమించనిది అందుకే.

మరుసటి ఏడు ఆళ్లగడ్డలో ఆయన కూతురి పెళ్ళి. అక్కడే ఆయన పరువు తీయాలని తిట్టుగేయం ఒకటి మొదలుపెట్టాను గానీ, ఆ నడకలో ఏ తిట్టు పెట్టినా విరహంలా వినిపించేది, దూదిదిండుతో కొట్టినట్టుండేది. మనసు విప్పుకోవడానికి పుట్టిన గేయంలో కోపం నిలవదు, దానికి గోడలు కావాలి. అందుకని ఏ ఛందస్సును ఈసడించానో దాన్నే కసిగా నేర్చుకొని, మామ పిసినారితనాన్నీ పొగరునూ సీసంలో బిగించి, పందిట్లో రాగం తీసి మరీ చదివాను. ఆయన చివరిదాకా వేళ్ళు మడుస్తూనే ఉండి, లేచి వచ్చి తన శాలువా నాకు కప్పి కౌగిలించుకున్నాడు.

“ఒక్క గణం గూడా తప్పలేదురా అబ్బీ. ఇప్పుడు కవివైనావు.”

ఆయన లెక్క విన్నాడు, తిట్టు వినలేదు. మిగతావాళ్ళకు ఆ గ్రాంథికం అంతుబట్టక భేష్ అన్నారు. గుండె విప్పింది గనుకే గేయం దెబ్బ తిన్నది. ఏదీ విప్పని పద్యం శాలువా కప్పించుకున్నది.

మామ పోయాడు. ఇప్పటి పెళ్ళిళ్ళలో గేయమూ లేదు, పద్యమూ లేదు, తప్పు పట్టేవాళ్ళూ లేరు. నాకు కోపం మాత్రం నేటికీ సీసంలోనే వస్తుంది, వినేవాడే లేడు.

అన్నట్టు, సీసంలో చెప్పిన పిసినారితనం కల్పన కాదు: ఆళ్లగడ్డ పెళ్ళి భోజనాల్లో రెండో పంక్తికే పెరుగు అయిపోయింది.