రెండో డోసుకు సెకండాఫ్

మా నాయనకు దేవుడి మీద ఎంత నమ్మకమో నాకు తెలియదు గానీ, జనం సినిమాకు వస్తారన్న దాని మీద మాత్రం అపారమైన నమ్మకం. ఆ నమ్మకంతోనే మెట్ట పొలం అమ్మి కోడుమూరులో థియేటర్ కట్టాడు. వాన కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చోవడం కన్నా జనం కోసం రోడ్డు వైపు చూస్తూ కూర్చోవడం మేలని అప్పట్లో అమ్మతో అన్నాడట. ఈ మాట నాకు చెప్పిన ప్రతిసారీ అమ్మ మొహంలో నవ్వన్నది కనిపించదు.

కరోనా మొదటిసారి వచ్చి హాలు మూయించినప్పుడు ఎలుకలు చేరాయి. అవి రిజర్వుడు క్లాసులో మెత్తటి కుర్చీలన్నీ కొరికి పారేశాయి గానీ, నేల క్లాసు బల్లల జోలికి పోలేదు. ఇన్నేళ్లుగా మా ఊరి పెద్దమనుషులు కూర్చున్న చోటేదో వాటికెవరు చెప్పారో! ఎలుకలు కొరికిన కుర్చీలకు నాయన అట్టలు పెట్టి కుట్టించాడు. మళ్లీ తెరవమన్నారు, కానీ సగం సీట్లకే. ఒక కుర్చీ వదిలి ఒక కుర్చీలో కూర్చోవాలని సర్కారు ఆర్డరు. మేము వదలాల్సిన కుర్చీలన్నిటికీ అడ్డంగా ఎర్ర రిబ్బన్లు కట్టాం.

మొదటి ఆటకు వచ్చిన ఒక రైతు, భార్యకూ తనకూ మధ్య రిబ్బను కట్టిన కుర్చీ చూసి నన్ను నిలదీశాడు.

"ఇంట్లో ఒగే మంచం మింద పండుకుంటాండాం. ఒగే బండి మింద వచ్చినాం. ఈడ మాత్తరం ఎడంగా కూచోమంటివి. ఈడికి రాంగానే అంటుకుంటాదా అది?"

నేను బడిపంతుల్ని. పిల్లలు అడిగిన ప్రశ్నలకు తప్ప పెద్దవాళ్లు అడిగిన వాటికి నా దగ్గర జవాబులుండవు. ఆయన రిబ్బను విప్పి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎద్దు మెడలో గంట కట్టడానికి పనికొస్తుందట.

జ్వరం చూసే తుపాకీ ఇంకో తమాషా. కర్నూలు జిల్లా ఎండలో నడిచి వచ్చిన మనిషి నుదుటికి దాన్ని పెడితే అది ఎర్రగా మెరిసి కుయ్యోమనేది. ఆ లెక్కన మా ఊరంతా జ్వరంలో ఉన్నట్టే. వచ్చిన నలుగురినీ వెనక్కి పంపితే ఆట ఎవరికి వెయ్యాలి? నాయన వరండాలో పెద్ద ఫ్యాను పెట్టించి, దాని ముందు అందరినీ పది నిమిషాలు నిలబెట్టి, చల్లారాక తుపాకీ పెట్టించాడు. ఆ పది నిమిషాలూ జనం ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఫ్యాను గాలి పంచుకున్నారు.

ఇంతలో రెండో అల వచ్చి తలుపులు మళ్లీ మూతపడ్డాయి. అదను చూసి మా మేనమామ వచ్చాడు. కాంట్రాక్టులు చేసి పైకొచ్చిన మనిషి. హాలు తనకిచ్చేస్తే కుర్చీలు పీకించి ఫంక్షన్ హాలు చేస్తానన్నాడు.

"బావా, సినిమాకు రావాలంటే భయం జనానికి. పెండ్లికైతే ఏ భయమూ లేదు. యాబై మందికే పర్మిషన్ అంటే, యాబై మంది పందిట్లో, మిగతా ఊరంతా బంతిలో. చూస్తానే ఉండావు గదా."

నాయన మూసిన తలుపుల వైపు ఒకసారి చూశాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. "మళ్ల తెరిచినాక ఒగ్గ ఆట నిండనీ. నిండితే ఈ హాలు నాదే. నిండకుంటే నువ్వే తీసుకో, నేనేమీ అనుకోను."

నిండుతుందని నాయన నమ్మకం. నిండదని మామ నమ్మకం. ఎవరి వైపు ఉండాలో తెలియక నేను ఇద్దరి దగ్గరా తల ఊపాను. పంతుళ్లకు అలవాటైన విద్యే ఇది.

అప్పుడే టీకాలు మొదలయ్యాయి. నన్ను వచ్చినవాళ్ల పేర్లు ఫోనులో ఎక్కించే డ్యూటీలో వేశారు. బళ్లో శిబిరం. నేనూ, ఒక నర్సమ్మా, మూడు కుర్చీలూ. జనం మాత్రం రారు. సూది వేయించుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారని ఎవరి ఫోనుకో వచ్చింది, అందరి ఫోనులకూ పాకింది. ఒక సీసా తెరిస్తే పది మందికి వెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి. అందుకని పది మంది పోగయ్యేదాకా నర్సమ్మ సీసా తెరిచేది కాదు. తొమ్మిది మంది వచ్చి, పదో మనిషి కోసం ఎదురుచూసి, అనుమానమొచ్చి తొమ్మిది మందీ లేచిపోయిన రోజు ఆమె టేబులు మీద తల వాల్చి కూర్చుంది.

ఆ రోజు నాకు అన్నం తెచ్చిన నాయన ఈ సంగతంతా చూశాడు. పది మంది లేకుంటే ఆట మొదలుపెట్టకపోవడం మా హాల్లో కూడా ఉన్న పద్ధతే. ఇద్దరిదీ ఒకే కష్టమని ఆయనకు వెంటనే తెలిసిపోయింది.

"సూది ఏసినాక అర్ధగంట కూచోబెట్టల్ల గదా, కూతురా? మా హాల్లో కూచోబెట్టు. నేను బొమ్మేస్తా. వస్తారో రారో చూడు," అన్నాడు నర్సమ్మతో.

నర్సమ్మ కళ్లు విప్పార్చింది. కానీ ఆమె ఇంకో అడుగు ముందుకేసి ఆలోచించింది. "ఒగసారి వస్తారు సరే పెద్దాయనా, రెండో డోసుకు ఎట్లా వస్తారు?"

"ఇంటర్వెల్ కాడ ఆపేద్దాం," అన్నాడు నాయన. "మిగతాది రెండో డోసుకు."

నేను నవ్వాను. వాళ్లిద్దరూ నవ్వలేదు.

పై అధికారులు ఒప్పుకున్నారు. శిబిరం ఎక్కడైతేనేం, వాళ్లకు కావలసింది వేసిన సూదుల లెక్క. సినిమా కూడా సిద్ధంగానే ఉంది. హాలు మూసేయడానికి ముందు వచ్చి ఒక్క ఆట కూడా పడకుండా ఉండిపోయిన చిన్న సినిమా. ఈ కాలపు సినిమాలకు తాళాలుంటాయి. డిస్కు మన దగ్గరున్నా, పంపిణీదారుడు కంప్యూటరులో తాళం తెరిస్తేనే బొమ్మ పడుతుంది. అది అప్పటికే ఫోనుల్లోకి వచ్చేసిందనీ, ఇక మీరేం చేసుకున్నా తనకు అభ్యంతరం లేదనీ ఆయన తాళం తెరిచాడు. "మనూర్లో ఎవరు చూస్తారు లే ఫోన్లో," అన్నాడు నాయన.

ఆటోకు మైకు కట్టి ఊరూరా చాటించారు. సూదికి భయపడినవాళ్లు సినిమాకు భయపడలేదు. మా హాలు పనివాళ్లకు జనాన్ని ఆటల లెక్కన నడపడం తప్ప ఇంకో పద్ధతి తెలియదు కాబట్టి నర్సమ్మ కూడా మార్నింగ్ షోకు ఒక జట్టు, మ్యాట్నీకి ఒక జట్టు, ఫస్ట్ షోకు ఒక జట్టు చొప్పున సూదులు వెయ్యాల్సి వచ్చింది. ఆడవాళ్లది వేరే వరుస. వరండాలో ఉగ్గాని, బజ్జీలు కూడా పెట్టారు. బజ్జీ తింటే సూది పనిచేస్తుందా అని ఒకామె అడిగితే, బాగా పనిచేస్తుందని బజ్జీలావిడే జవాబిచ్చింది.

సినిమాలో ఇంటర్వెల్ ముందు, సరిగ్గా తాళి కట్టే వేళకు, పీటల మీద నుంచి పెళ్లికొడుకు మాయమవుతాడు. లైట్లు వెలిగాయి. 'మిగతా కథ రెండో డోసు తర్వాత' అని తెర మీద పడింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు దద్దరిల్లింది.

"ఇదేం అన్యాయమప్పా!"

"పెండ్లికొడుకు యాడికి పాయ?"

ఒక పెద్దమనిషి తిన్నగా నర్సమ్మ దగ్గరికి పోయి రెండో చేతి చొక్కా పైకి లాగాడు. "ఈ చేతికి కూడా ఇప్పుడే ఏసెయ్యమ్మా. నేను ఆగలేను."

ఎనభై నాలుగు రోజులు ఆగాలని ఆమె చెబితే, ఆ లెక్క పెట్టిన వాళ్లను ఆయన బూతులు తిట్టాడు. ఆ రోజు ఏ ఆటా నిండలేదు గానీ మూడు వంతుల్లో రెండు వంతులు వచ్చారు. రెండో డోసుకు నిండి తీరుతుందని నాయన ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు. ఆయన అంత సంతోషంగా అన్నం తినడం నేను చూసి ఏడాది దాటింది.

ఇక ఊరికి వేరే మాట లేదు. టీ కొట్టు దగ్గర, చెనక్కాయ చేలల్లో, బ్యాంకు వరుసలో ఒకటే చర్చ. పెళ్లికొడుకును మేనత్త దాచిపెట్టిందని ఒక వర్గం, అప్పులవాళ్లు ఎత్తుకుపోయారని ఇంకో వర్గం. సూదికి భయపడి పారిపోయి ఉంటాడని నర్సమ్మ.

ఇక్కడ నేను ఒక నిజం ఒప్పుకోవాలి. థియేటర్ ఓనరు కొడుకునై ఉండి, లాక్‌డౌన్ మొదట్లోనే నాయనకు తెలియకుండా ఫోనులో సినిమాలు చూసే యాప్‌కు చందా కట్టాను. దొంగ సారా తాగేవాడిలా దుప్పటి కప్పుకుని చూసేవాణ్ని. ఈ సినిమా కూడా చూసేశాను. ఊరంతా తలలు బద్దలు కొట్టుకుంటున్న కథ నాకొక్కడికే తెలుసన్న గర్వం లోపల కుతకుతలాడుతోంది. ఎవరైనా అడిగితే బాగుండునని తిరిగాను.

నాకు గడ్డం గీసే సెలూనాయన అడిగాడు. "సారూ, నీకు తెలిసే ఉంటాది. పెండ్లికొడుకు యాడుండాడు?"

గొంతు మీద కత్తి పెట్టి అడిగితే ఎవరైనా చెబుతారు కదా అని తరవాత చాలాసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ ఆయన చెప్పమని మాత్రమే అడిగాడు. చూపిస్తానన్నది నేనే. ఫోను అద్దానికి ఆనించి సెకండాఫ్ పెట్టాను. ముగ్గురు గిరాకీలు సగం గడ్డాలతో చూశారు. పోతూ పోతూ ఆయన అడిగాడని పాస్‌వర్డ్ కూడా ఇచ్చాను. పంతులు గారు ఎంత మంచివారో అన్నారు, నేను పొంగిపోయాను. వారం తిరక్కుండా, మీ ఖాతాలో చాలామంది చూస్తున్నారు, మీరు తరవాత ప్రయత్నించండి అని నా ఫోనే నాకు చెప్పింది. ఎవరో సెకండాఫ్ మొత్తాన్ని తీసి వాట్సాప్‌లో తిప్పారు. అది నా ఫోనుకూ వచ్చింది, 'తప్పక చూడండి' అన్న మాటతో. ఊళ్లో చర్చ ఆగిపోవడం నాయన గమనించాడు. జనం విసిగిపోయి ఎదురుచూస్తున్నారని అనుకున్నాడు. నాతో ఆ మాటే అంటే, అవునని తల ఊపాను.

రెండో డోసు రోజు వచ్చింది. మార్నింగ్ షోకే హాలు నిండింది. రిబ్బన్లు కట్టిన కుర్చీల్లో కూడా కూర్చున్నారు, గోడలకు ఆనుకుని నిలబడ్డారు. మొదటిసారి రానివాళ్లు కూడా, ఏమీ కాలేదు కదా అని ధైర్యం తెచ్చుకుని వచ్చారు. మామ వరండాలో నిలబడి మొహం ముడుచుకున్నాడు. నాయన నన్ను వెంటబెట్టుకుని మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలోకి పోయి, తన చేత్తో తనే సెకండాఫ్ మొదలుపెట్టాడు.

మొదటి ఐదు నిమిషాలు గోల. ఏం జరగబోతోందో ముందే అరిచి చెప్పేవాళ్లు, హాస్యం రాకముందే నవ్వేవాళ్లు. తరవాత ఆ గోల కూడా పోయింది. చీకట్లో ఒక్కొక్కటే ఫోన్లు వెలిగాయి. తలలన్నీ వంగిపోయాయి. తెర మీద పెళ్లికూతురు గుండెలు బాదుకుని ఏడుస్తుంటే కింద వరసల్లో చెనక్కాయల ధర మాట్లాడుకుంటున్నారు.

సెలూనాయన మెట్లెక్కి వచ్చి నాయనకు దండం పెట్టాడు. మనిషి మంచివాడు, లోపల ఏదీ దాచుకోలేడు.

"పెద్దాయనా, మీ వాడు ముందే సెల్లులో చూపిచ్చినాడు గాబట్టి సరిపాయ. లేకుంటే ఎనబై దినాలు ఎట్లా ఆగుతుంటిమి! ఊరంతా ఆయప్ప పేరే చెప్పుకుంటాండాది."

నాయన నా వైపు చూశాడు. నేను ప్రొజెక్టర్ వైపు చూశాను. భూమి చీలితే బాగుండునని అనుకున్నాను గానీ, మా సీమలో వాన లేకుండా భూమి చాలాసార్లు చీలింది, ఆ రోజు మాత్రం చీలలేదు.

ఆయన కిందికి దిగి మామ దగ్గరికి పోయాడు. నేను వెనకే పోయాను.

"హాలు తీసుకో అప్పా."

మామ తెల్లబోయాడు. "అదేంది బావా? నిండె గదా?"

"కుర్చీలు నిండినాయి," అన్నాడు నాయన.

అర్ధగంట కాగానే నర్సమ్మ పొమ్మంది. జనం లేచి, చేతులు రుద్దుకుంటూ, నాయనకు మర్యాదగా దండాలు పెట్టుకుంటూ వెళ్లిపోయారు. ఖాళీ హాల్లో బొమ్మ ఇంకా నడుస్తోంది. ఆపేద్దామని నేను మెట్లెక్కబోయాను.

"ఆపొద్దు," అన్నాడు నాయన, ఒక కుర్చీలో కూర్చుంటూ. "నేనింగా చూడలేదురా. ఒగ్గ మాటు మీట నొక్కింటే చూసుండొచ్చు. అందరితో కలిసి చూద్దామని ఇన్ని దినాలూ ఆగినా."

ఆయన తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు పక్కన కూర్చునే ధైర్యం లేక, సినిమా అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాను.