మర్యాద ఎక్కువైన కొడుకు

2023 మార్చి, రెండో శనివారం, మధ్యాహ్నం రెండుంబావు. ఆర్మూరులో పసుపు ఉడకబెట్టే రోజులు కాబట్టి మ్యాట్నీకి జనం పలుచన. నేను ఇరవై ఆరేళ్లుగా టికెట్లు ఇస్తున్న థియేటరులో అప్పుడు తండ్రీకొడుకులు విడిపోయి కలిసే సినిమా నడుస్తోంది.

మోర్తాడ్ నుంచి ఒక తండ్రి, ఇరవై ఏళ్ల కొడుకుతో వచ్చి రెండు బాల్కనీ అడిగాడు.

"మీరు కూసోండి. నేను నీళ్లు తెస్త," అని కొడుకు పక్కకు వెళ్లాడు.

"విన్నవా పెద్దమ్మా," అన్నాడు తండ్రి. "మస్కట్‌ల మా ఫోర్‌మన్ గూడ నన్ను గింత మర్యాదగ పిలువడు. తొమ్మిదేండ్లు ఆడనే ఉంటి. ఇంటికొస్తే కొడుకు నన్ను సారును చేసిండు."

మా వైపు పిల్లలు తండ్రిని 'నువ్వు' అంటారు. 'మీరు' పరాయివాళ్లకు.

"మల్ల ఎప్పుడు పోతవు?"

"సోమవారం ఫ్లైటు. గీ లోపట ఒక్కసారి బాపూ అంటే సాలు."

"గీ సినిమా చూసినంక అంటడా?"

"ఏమో. దోస్తులతోని ఒకసారి చూసిండట. రమ్మంటే మల్ల వచ్చిండు."

ఇంటర్వెల్ తర్వాత సర్వర్ ఆగిపోయింది. సర్వర్ అంటే సినిమా ఫైలు ఉండే పెట్టె. రీలు తెగితే మేమే అతికించేవాళ్లం. ఇది ఆగితే కంపెనీవాళ్లు రావాలి. సరిగ్గా తండ్రి రైలెక్కే సీనులో ఆగింది. ఆట రద్దు చేసి నేను డబ్బు వాపసు ఇస్తుంటే, వాళ్లిద్దరూ నా కౌంటర్ పక్క బల్ల మీద కూర్చున్నారు.

"తర్వాత ఏమైతది రా?" తండ్రి అడిగాడు.

"కొడుకు స్టేషన్‌కు ఉరుకుతడు."

"ఉరికి?"

కొడుకు చేతిలోని టికెట్ ముక్కను మడిచాడు, విప్పాడు.

"ఉరికి, బాపూ నువ్వు పోకు అంటడు."

తండ్రి తల దించుకున్నాడు. "సినిమాల కొడుకు మంచోడే."

చిల్లర ఇస్తున్న నా చేయి ఆగింది. తొమ్మిది రోజులుగా, రోజుకు నాలుగు ఆటలు, ఆ సీను గోడ ఇవతల నుంచి వింటున్నాను. అందులో కొడుకు "నన్ను క్షమించండి నాన్నా" అంటాడు.

"బిడ్డా, గా మాట సినిమాల లేదు," అన్నాను.

తండ్రి కొడుకు వైపు చూశాడు. కొడుకు నన్ను కోపంగా చూశాడు.

"లేకుంటే ఏమాయె," అన్నాడు. "నేనన్న. సోమవారం పోకు."

తండ్రి పోలేదు. ఇప్పుడు మోర్తాడ్‌లో పసుపు వేస్తున్నాడు. కొత్త సినిమా వస్తే ఇద్దరూ వస్తారు. సొంతంగా నోట రాని మాట ఇంకొకరి కథలో పెడితే వస్తుందని నేను నేర్చుకున్నది ఆ కౌంటర్ దగ్గరే.

ఆ రోజు పోయినవి: మాకు అర ఆట, అరవై నాలుగు టికెట్ల సొమ్ము. వాళ్లిద్దరూ వాపసు అడగలేదు. వాళ్లకు ఒక ఫ్లైటు టికెట్టు, తొమ్మిదేళ్ల దూరం.