తలుపు దగ్గరి డైలాగు

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో ఎవరు పలకరించినా సీతాలక్ష్మి అక్కడివాళ్లలాగే "గ్రాండ్" అనేది, అంటే బాగున్నానని. అంతకన్నా పచ్చి అబద్ధం ఆ వీధిలో ఇంకెవరూ ఆడి ఉండరు. సాఫ్ట్‌వేర్‌లో వచ్చే జర్మన్ మాటలను సరిచూడటం ఆమె ఉద్యోగం. పని ముగిశాక మాత్రం ఒక్క తెలుగు మాట కోసం బెంగ.

ఫిబ్రవరిలో మొగుడు జానకిరామ్ ఆమెతో గొడవపడి, ఈ వానలూ ఈ ఊరూ నావల్ల కాదంటూ రాజమండ్రి వెళ్లిపోయాడు. గుమ్మంలో "వెళ్లొస్తా" అనలేదు. "వెళ్తున్నా" అన్నాడు. కూరలకు వెళ్లేవాడు కూడా అలా అనడు కదా! నోరు జారి అన్నాడా, ఇక రాననే అన్నాడా? అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది. ఇంతలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఇల్లు దాటి అయిదు కిలోమీటర్లకు మించి పోవద్దన్నారు.

ఫోన్లో తిన్నావా, మాస్కు పెట్టుకున్నావా అని అడిగేసరికి ఇద్దరికీ మాటలు అయిపోయేవి. అందుకే మే నెలలో ఒక ఆదివారం ఆమె లాప్‌టాప్‌లో ఒక పాత జర్మన్ హాస్యచిత్రం పెట్టి, ఫోన్‌ను వీడియో కాల్‌లో దానికెదురుగా ఆనించి, ఒక్కో డైలాగూ తెలుగులో చెప్పసాగింది. స్టేజీ నాటకాన్ని సినిమాగా తీశారు కాబట్టి కథంతా ఒకే గదిలో, మూడు తలుపుల మధ్యే నడుస్తుంది. బయట బాంబులు పడుతున్న రోజుల్లో తీసిన సినిమా. అయినా అందులో ఒక్కరూ యుద్ధం ఊసెత్తరు. ఈ మొగుడూ పెళ్లాలు ఫోన్లో చేస్తున్నదీ అదే.

జానకిరామ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు వినేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

చివర్లో, సినిమాలోని మొగుడు అలిగి టోపీ పెట్టుకుని తలుపు తీశాడు.

"వెళ్లొస్తాను అంటున్నాడు," అంది సీతాలక్ష్మి.

"వాడి మొహం చూస్తే అలా లేదే. నిజంగా అదే అన్నాడా?"

ఆమె సినిమా ఆపేసింది. "లేదండీ. వెళ్తున్నా అన్నాడు. అలా చెప్పడానికి నాకే నోరు రాలేదు."



"ఆరోజు నేనూ అంతే అన్నాను కదూ," అన్నాడు జానకిరామ్. "కోపంలో కావాలనే అన్నా సీతా. ఫ్లైట్ దిగకముందే నాలిక కరుచుకున్నా. పోనీ ఇప్పుడు వెళ్లొస్తా అందామంటే, అది గుమ్మంలో నిలబడి అనే మాటాయె. ఫోన్లో ఎలా అంటాను?"

"అయితే ఒకసారి ఇంటికొచ్చి, సరిగ్గా చెప్పి వెళ్లండి," అంది ఆమె.

జానకిరామ్ ముక్కు చీదిన చప్పుడు రాజమండ్రి నుంచి స్పష్టంగా వినిపించింది.